మీ ఇంట్లో ఎక్కువగా మోగిన క్యాసెట్ ఏది?

నన్ను చాలామంది డాక్టరమ్మా అని పిలిచేవారు. నేను డాక్టర్ని కాను. చెవికి ఎంత వినిపిస్తుందో పరీక్ష చేసి, అవసరమైన వాళ్లకు చెవి మిషన్ పెట్టి, అది వాళ్లకు సరిపడేలా సర్దడం నా పని. ఈ పనికి ఆడియాలజీ అని పెద్ద పేరే ఉంది. కానీ చిక్కడపల్లిలో మేము కిరాయికి ఉన్న ఇంటి ఓనరమ్మకు నేను రిటైరయ్యేదాకా ఆ మాట నోరు తిరగలేదు. ఎవరైనా నా కోసం వస్తే, "చెవులామెనా? మీద పోర్షన్ల ఉంటది" అని చెప్పేది. నాకు ఆ పేరే నచ్చింది.

ఈ చదువు పూర్తిచేసి ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి మీ అనుభవాలు చెప్పండి మేడం అంటుంటారు. ఏ మిషన్ మంచిదో, ఎక్కడ చేరితే జీతం బాగుంటుందో చెబుతానని వాళ్ల ఆశ. ఆ సంగతులు నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది ఒక ప్రశ్న గురించి. హిమాయత్‌నగర్‌లో మా క్లినిక్‌కు వచ్చిన వాళ్లందరినీ దాదాపుగా అడిగేదాన్ని: మీరు ఇన్నేళ్ల జీవితంలో అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న ఆల్బం ఏది? క్యాసెట్ కావచ్చు, సీడీ కావచ్చు, ఇప్పుడు ఫోన్లో ఉన్నది కావచ్చు.

ఈ ప్రశ్న నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. సగం అవసరం కొద్దీ, సగం నాకున్న ఆరా తీసే బుద్ధి కొద్దీ మొదలుపెట్టాను. దాంతో ఏం జరిగిందో రాస్తాను. మనుషుల పేర్లు మాత్రం మార్చాను.

గీత చూడమ్మా

నేను మొదట పనిచేసిన చోట ఒక పెద్ద డాక్టరు గారు ఉండేవారు. చెవి ఆపరేషన్లలో చెయ్యి తిరిగిన మనిషి. మేము పరీక్ష చేశాక కాగితం మీద ఒక గీత వస్తుంది, ఏ రకం శబ్దం ఎంత గట్టిగా ఉంటే ఈ చెవికి అందుతుందో చెప్పే గీత. ఆయనకు ఆ గీత ఒక్కటే కావాలి. పేషెంటు తన ఇంటి సంగతులు మొదలుపెడితే నేను వింటూ కూర్చునేదాన్ని. ఆయన తలుపు దగ్గర నిలబడి, "గీత చూడమ్మా, గీత. చెవికి అందుతోందా లేదా, అంతవరకే మన పని. ఏం వింటున్నాడో మనకెందుకు?" అనేవారు.

ఆయన మాటలో సగం నిజముంది. గీత చదవడం రాకుండా కబుర్లు చెప్పే వాళ్లను నేను చాలామందిని చూశాను, వాళ్ల చేతిలో చెవి పెట్టకూడదు. రెండో సగం దగ్గర మాత్రం ఆయనతో నాకు చివరిదాకా కుదరలేదు.

ఎందుకో చెబుతాను. వినికిడి ఒక్కరోజులో పోదు. మెల్లగా, ఏళ్ల తరబడి తగ్గుతుంది. మనిషి ముందు ఫ్యాను చప్పుడు మరిచిపోతాడు, తర్వాత చెప్పుల చప్పుడు, పోపు చిటపట, కాగితం గరగర మరిచిపోతాడు. అలాంటి మనిషికి మిషన్ పెట్టగానే అవన్నీ ఒక్కసారి మీద పడతాయి. "అంత రేకు డబ్బల మాట్లాడినట్టుంది" అంటాడు. అది మిషన్ తప్పా, అలవాటు లేక అంటున్నాడా? గీత చూస్తే తెలియదు. కొత్త మాటలు చదివి వినిపించినా తెలియదు, ఆ మాటలు ఎలా వినిపించాలో అతనికే గుర్తుండదు. బాగా తెలిసిన శబ్దం ఏదైనా ఉంటే, ఇక్కడ ఎక్కువైంది, ఇక్కడ తక్కువైంది అని తనే చెప్పగలడు. నిద్రలో లేపి అడిగినా గుర్తుండే శబ్దం ఏమిటా అని ఆలోచిస్తే ఈ ప్రశ్న తట్టింది.

సగం పాట

మొదట్లోనే నాకు బుద్ధి చెప్పిన మనిషి నారాయణగూడలో బట్టల దుకాణం నడిపిన ఒకాయన. వయసులో ఉన్నప్పుడు రికార్డింగు సెంటరులో ఖాళీ క్యాసెట్ ఇచ్చి తనకు ఇష్టమైన సినిమా పాటలన్నీ ఎక్కించుకున్నాడట. దుకాణంలో పొద్దంతా అదే మోగేదట. ఏయే పాటలో వరసగా చెప్పాడు. నేను వాటిని ఫోన్లో వెతికి వినిపించాను. తల ఊపుతూ విన్నాడు. చివరి పాట సగంలో ఉండగా ఉలిక్కిపడి చెవిలోంచి మిషన్ పీకేశాడు.

"మేడం, దీన్ల ఏందో కలుస్తుంది. పాట అయిపోయినంక గూడ సప్పుడొస్తుంది."

నాకు కాసేపు అర్థం కాలేదు. తీరా అడిగితే ఆయన క్యాసెట్‌లో ఆ పాట రెండో చరణం దగ్గర తెగిపోతుందట. ఒక వైపు టేపు అక్కడికి అయిపోయింది. ఆయన లెక్కలో పాట అంతే. రేడియోలో ఎప్పుడూ వినలేదా అంటే, విన్నానేమో, చెవిన పెట్టలేదు అన్నాడు. ఆ రోజు మిగతా పాట వినిపించాను. మర్యాదకు విని, మొదట ఉన్నట్టే బాగుంది అన్నాడు.

అప్పటినుంచి ఫోన్లో దొరికే పాటను నమ్మడం తగ్గించాను. ఎవరి ఆల్బం వాళ్లదే. పేరు ఒకటే అయినా, అరిగిన చోటు, తెగిన చోటు, టేపు నెమ్మదించే చోటు ఎవరివి వాళ్లవే. వీలుంటే ఇంట్లో ఉన్నదే తెమ్మనేదాన్ని.

వినకుండా ఉండడానికి

ఆ మధ్య, రిటైరవడానికి కొంచెం ముందు, అశోక్‌నగర్ హాస్టల్ నుంచి మౌనిక అనే అమ్మాయి వచ్చింది. జనగామ దగ్గర ఊరు, గవర్నమెంటు ఉద్యోగాల పరీక్షలకు చదువుతోంది. చెవిలో రోజంతా కీమంటోందని బాధ. పరీక్ష చేస్తే గీత బాగానే ఉంది. ఇయర్‌ఫోన్లు ఎంతసేపు పెట్టుకుంటావు అంటే, స్నానానికి తీస్తానంది.

నా ప్రశ్న అడిగాను. ఫోన్ తీసి ఒక సినిమా ఆల్బం చూపించింది. పొద్దున లేచినప్పటినుంచి అదే, చుట్టూ తిరిగి మళ్లీ అదే. సరే, రెండో పాట పల్లవి చెప్పు అన్నాను. ఆలోచించింది. రాలేదు. మూడో పాట ఆడ గొంతా మగ గొంతా అంటే అదీ తెలియదు. నాకు భలే ఆశ్చర్యం వేసింది. ఇంత విని ఒక్క ముక్క తెలియకపోవడం ఎలా?

"ఇననీకి గాదు మేడం," అంది. "రూముల అందరు బయటికి చదువుతరు. ఒకామె చరిత్ర, ఒకామె లెక్కలు. వాళ్లది ఇనకుంట ఉండనీకి పెట్టుకుంట."

వేరే ఆల్బం ఎందుకు పెట్టలేదంటే, కొత్తది పెడితే మాటలు వినిపిస్తాయట, మనసు అటు పోతుందట. పాటను పాటలా వినిపించకుండా అరగదీయడానికి ఆ అమ్మాయికి కొన్ని వారాలు పట్టింది. ఇప్పుడు అదో గోడ. చిక్కేమిటంటే పరీక్ష హాల్లో ఆ గోడ ఉండదు. అక్కడి నిశ్శబ్దంలో చదివింది గుర్తురావడం లేదని మెల్లగా చెప్పింది. చప్పుడు లేకపోతే దిమాక్ పనిచేస్తలేదంది. రోజూ కాసేపైనా ఆ హాలంత నిశ్శబ్దంలో కూర్చుని చదవమని, హాస్టల్లో కుదరకపోతే లైబ్రరీకి పొమ్మని చెప్పాను. మళ్లీ ఒకసారి వచ్చింది, కీమనడం తగ్గింది. ఉద్యోగం వచ్చిందో లేదో నాకు తెలియదు.

ఆ అమ్మాయి వెళ్లాక, ఎక్కువసార్లు విన్నది వేరు, ఇష్టంగా విన్నది వేరు అని కాగితం మీద రాసుకుంటే సరిపోయేది. రాసుకోలేదు. ఆ తేడా విఠల్‌రావు గారి దగ్గర అవసరం పడింది.

విఠల్‌రావు గారి గజళ్లు

విఠల్‌రావు గారు ఒక ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. చిక్కడపల్లి మార్కెట్ వెనక గల్లీలో సొంత ఇల్లు. మీద అంతస్తు హాస్టల్‌కు కిరాయికి ఇచ్చారు. పక్క వాటాలో తమ్ముడి కుటుంబం. భార్య శకుంతలమ్మ గారితో కలిసి వచ్చారు. ఆవిడ ఒళ్లో సంచి పెట్టుకుని గోడవారగా కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు.

పరీక్షలో గీత తేటగానే ఉంది. బరువైన శబ్దాలు ఆయనకు బాగా అందుతున్నాయి. సన్నటివి దాదాపు పోయాయి. మిషన్ పెట్టి, నా ప్రశ్న అడిగాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఒక గజల్ ఆల్బం పేరు చెప్పారు. ఉర్దూ మీడియంలో చదువుకున్న రోజులు, స్నేహితుల బైఠకులు, అబిడ్స్‌లో ఆ క్యాసెట్ కొన్న సాయంత్రం, అన్నీ చెప్పారు. నేను ముచ్చటపడి విన్నాను. తర్వాత ఆ ఆల్బం వినిపిస్తూ మిషన్ సర్దాను. పక్క వాయిద్యం కీచుమంటోంది అంటే సన్న శబ్దాలు తగ్గించాను, గొంతు ఇంకొంచెం నిండుగా రావాలంటే బరువైనవి పెంచాను. కళ్లు మూసుకుని వాహ్ అన్నారు. అందరం సంతోషించాం.

వారం తర్వాత మిషన్ జేబులో పెట్టుకుని వచ్చారు. పాటలు బ్రహ్మాండంగా వినిపిస్తున్నాయట, మనుషుల మాటలే సాఫ్‌గా రావడం లేదట. మళ్లీ సర్దాను, మళ్లీ గజల్ పెట్టాను, మళ్లీ వాహ్ అన్నారు. ఇంకో వారానికి అదే కథ. ఈసారి ఆయన, నాకు వయసైపోయింది మేడం, మీరేం చేస్తారు పాపం అన్నారు. ఇక రారని నాకు అర్థమైంది. మిషన్ బీరువాలోకి పోయే ముందు అందరూ ఇలాగే మర్యాదగా మాట్లాడతారు.

రెండు రోజులకు శకుంతలమ్మ గారు ఒక్కరే వచ్చారు. మిషన్ వాపసు ఇవ్వడానికేమో అనుకున్నాను. ఆవిడ తలుపు దగ్గరికి వేసి, ఇది ఎట్లనన్న మంచిగ చేయాలె మేడం, ఆయనతో ఒక మాట చెప్పేది ఉంది అన్నారు. చెప్పండి, కొంచెం గట్టిగా చెబితే వింటారు కదా అన్నాను.

"గట్టిగ చెప్పే ముచ్చట గాదు మేడం. మీద హాస్టల్ పోరగాండ్లు, పక్కకు మా తోటికోడలు. గల్లీ మొత్తం వింటది."

ఏమిటది అని అడిగాను. అడగకుండా ఉండడం నాకు చేతకాదని ముందే చెప్పాను కదా. ఆవిడ కొంచెంసేపు సంచి పిడి సర్దుకుని చెప్పారు. రొమ్ములో గడ్డ తగులుతోంది. కొన్నాళ్లుగా ఉంది, ఈ మధ్య పెరిగింది. డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. కూతురు కరీంనగర్‌లో బాలింత, ఆమెకు చెప్పలేదు.

హైదర్‌గూడలో నాకు తెలిసిన లేడీ డాక్టరు ఉంది, ఇప్పుడే పోదాం పదండి అన్నాను. ఆవిడ కదల్లేదు. ఆయనకు చెప్పకుండా ఎన్నడూ ఎక్కడికీ పోలేదట, ఇప్పుడు దీనికి పోతానా అన్నారు. పోనీ కాగితం మీద రాసివ్వండి అన్నాను. రాసిస్తే చదివి ఊరుకుంటారు, నేను ఆయన ముఖం చూడాలి కదా అన్నారు. చివరికి నేను చెప్పనా అని అడిగాను.

"మీరు జెప్తే మీ ముచ్చట అయితది మేడం. నాది గాదు."

ఆ మొండితనానికి నాకు కోపం వచ్చింది. వచ్చినా ఏం చేయగలను? మర్నాడు పొద్దున్నే ఇద్దరూ నా దగ్గరికి రావాలని, నా దగ్గర పని అవగానే, చెప్పగలిగినా లేకున్నా, అటునుంచి అటే లేడీ డాక్టరు దగ్గరికి పోవాలని ఒప్పించాను. ఫోన్ చేసి టైము తీసుకున్నాను. లేచి వెళ్లబోతుంటే ఎందుకో నా ప్రశ్నే ఆవిడనూ అడిగాను. మీ ఇంట్లో అన్నిటికంటే ఎక్కువగా మోగిన క్యాసెట్ ఏది?

ఆవిడ మొదటిసారి నవ్వారు. "ఆయన గజల్లా? చుట్టాలొస్తే పెడ్తుండె. రోజు మోగింది నా భజన క్యాసెట్ గద. సౌండ్ తక్కువ చెయ్యమని రోజు ఒర్లుతుండె."

ఆవిడ వెళ్లాక విఠల్‌రావు గారి గీత మళ్లీ తీసి చూశాను. నా ప్రశ్నకు మనుషులు ఇన్నాళ్లూ ఏం జవాబిస్తున్నారో అప్పుడు తెలిసింది. నలుగురిలో చెప్పుకోవడానికి బాగుండే ఆల్బం చెబుతున్నారు. విఠల్‌రావు గారి గజల్ గాయకుడిది బరువైన మగ గొంతు. అది ఆయనకు మిషన్ లేకుండానే వినిపిస్తుంది. ఆ గొంతు నిండుగా రావడం కోసం ఆయన తగ్గించమన్న సన్న శబ్దాల్లోనే భార్య గొంతు ఉంది. వినిపించే దానికోసమే మిషన్ సర్దించుకుని, వినిపించని దాన్ని ఇంకా దూరం పెట్టుకున్నారు.

భజన క్యాసెట్

మర్నాడు ఇద్దరూ వచ్చారు. శకుంతలమ్మ గారు సంచిలో పాత టేప్ రికార్డర్ తెచ్చారు. ఆ క్యాసెట్ గుడిలో భజన మండలి ఆడవాళ్లు కలిసి పాడి చేయించుకున్నది, ఫోన్లలో దొరికేది కాదు. పరీక్ష గదిలో ముగ్గురం కూర్చున్నాం. సన్న శబ్దాలు గీత ప్రకారం ఎంత ఉండాలో అంతా పెంచి టేపు పెట్టాను. డోలక్, తాళాలు, ఆడవాళ్ల గొంతులు. తాళాలకు ఆయన ముఖం చిట్లించారు. ఓర్చుకోండి అని సైగ చేశాను. ఒక పాట అయింది, రెండో పాట సగమైంది. ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఇది గాదు. మా ఇంట్ల మోగేది ఇది గాదు."

ఇదే క్యాసెట్ అని ఆవిడ చేత్తో చూపించారు. ఆయన ఒప్పుకోలేదు. పల్లవి రెండోసారి వచ్చే చోట అందరూ ఆగుతారట, డోలక్ ఒక్కటే మోగుతుందట, అప్పుడు ఒకామె ఒక్కతే ఎత్తుకుంటుందట. ఆ ఒకామె వినిపించడం లేదు. ఆమె వినిపించలేదంటే మిషన్ ఖరాబేనని తేల్చేశారు. నేను టేపు వెనక్కి తిప్పి శ్రద్ధగా విన్నాను. ఆ చోట డోలక్ ఒక్కటే ఉంది. ఎవరూ ఎత్తుకోలేదు. ఇంకోసారి తిప్పాను. లేదు.

శకుంతలమ్మ గారు నేల చూపులు చూస్తున్నారు. మూడోసారి టేపు ఆ చోటికి వచ్చేసరికి, గోడవైపు ముఖం తిప్పి, సన్నటి గొంతుతో ఆ పల్లవి ఎత్తుకున్నారు.

"ఆఁ, గీమెనే" అన్నారు విఠల్‌రావు గారు టేప్ రికార్డర్‌కేసి వేలు చూపిస్తూ. ఆ తర్వాత పక్కకు చూశారు. అంతకాలం వంటింట్లోంచి గోడ దాటి వచ్చిన ఆ గొంతు క్యాసెట్‌లోదే అనుకున్నారాయన.

టేపు ఆపేశాను. ఏదో ఒకటి మామూలుగా మాట్లాడమని ఆవిడను అడిగాను. కూరగాయల ధరలు, నీళ్ల టైము, హాస్టల్ పిల్లల చెప్పుల చప్పుడు, ఇవన్నీ చెబుతుంటే ఆ గొంతును పట్టుకుని మిషన్ సర్దాను. ఇంకే శబ్దం ఎలా వినిపించినా ఫర్వాలేదనుకున్నాను. కొత్తగా వస్తున్న పిల్లలకు నేను చెప్పే ఒకే ఒక్క పనితనం ఇది. ఏం వినడం ఇష్టమని అడగండి, తప్పులేదు, మంచి కబుర్లు వస్తాయి. కానీ మిషన్ సర్దేటప్పుడు ఆ మనిషి ఎవరి మాట వినాలో ఆ గొంతును గదిలో కూర్చోబెట్టండి.

ఆవిడ నావైపు చూశారు. నేను బయటికి వచ్చి పరీక్ష గది తలుపు మూశాను. మందపాటి తలుపు, లోపలి మాట బయటికి రాదు. అద్దం కిటికీలోంచి మాత్రం కనిపిస్తుంది. ఆవిడ కొంచెమే పెదవులు కదిపారు. ఆయన ముందుకు వంగారు. ఆవిడ మళ్లీ చెప్పారు, అంతే మెల్లగా. ఆయన చేయి వచ్చి ఆవిడ చేతిమీద పడింది. నేను చూపు తిప్పుకున్నాను.

తర్వాత లేడీ డాక్టరు పరీక్షలు చేయించింది, గడ్డ తీసేశారు, ప్రమాదమైంది కాదని తేలింది. నేను చెప్పాలనుకున్నది మాత్రం ఆ తలుపు తెరుచుకున్నప్పటి సంగతి. ముందు విఠల్‌రావు గారు వచ్చారు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. వెనక ఆవిడ సంచి సర్దుకుంటున్నారు. ఆయన ఆగి, నేనున్నానన్న సంగతి కూడా మరిచి, వెనక్కి తిరిగి అడిగారు.

"ఇన్ని దినాలు నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన," అన్నారావిడ, తన మామూలు గొంతుతోనే. "గడ్డ తగిలిన నాడే వంటింట్ల నిలబడి చెప్పిన. మీరు 'మంచిదే, కానియ్' అన్నరు."